పద్యార్ధమా? పద్యార్థమా?: స్కాన్ ప్రతుల వర్ణదోషం – ప్రామాణ్య విచారం

వ్యాస సంగ్రహం

తెలుగు సాహిత్య పరిశోధనలో మూలప్రతి స్థానాన్ని నేడు చాలావరకు స్కాన్ ప్రతి ఆక్రమించింది. స్కానర్ స్వభావరీత్యా రంగును కొలిచే పరికరం. కొలత ఉన్నచోట దోషం తప్పదు. ఆ దోషం పాఠనిర్ణయాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో ఒక ఉదాహరణతో చూపి, దానిని భారతీయ ప్రామాణ్యవాదాల వెలుగులో పరిశీలించి, ప్రతిని తయారుచేసేవారికీ, దానిని ఆధారంగా స్వీకరించేవారికీ ఉండే నైతిక బాధ్యతను నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: స్కాన్ ప్రతి, వర్ణదోషం, పాఠపరిష్కరణ, స్వతఃప్రామాణ్యం, పరతఃప్రామాణ్యం, విపర్యయం, పుష్పిక.

1. ఒక చుక్క

తెలుగు లిపిలో ‘ధ’కారానికీ ‘థ’కారానికీ భేదం లోపలి చుక్క ఒక్కటే. ఆ చుక్క ఉంటే ‘అర్థము’, లేకుంటే ‘అర్ధము’. మొదటిది తాత్పర్యాన్నో ధనాన్నో చెబుతుంది; రెండోది సగాన్ని చెబుతుంది. ఈ భేదం ఎంత దూరం తీసుకుపోగలదో నా పరిశోధనలోనే అనుభవానికి వచ్చింది.

ఒక పాత వ్యాఖ్యాన గ్రంథాన్ని నేను మొదట స్కాన్ ప్రతిలోనే చదివాను. అందులో ఒకచోట వ్యాఖ్యాత ‘ఈ పద్యార్థము సందిగ్ధము’ అన్నట్టు కనిపించింది. వ్యాఖ్యాత పద్యపాఠాన్ని అంగీకరించి, దాని తాత్పర్యాన్ని మాత్రమే శంకించాడని నేను గ్రహించాను. ఆ గ్రహింపు మీద నా అధ్యాయంలో రెండు పుటల వాదం నిలబెట్టాను. కొన్ని నెలల తరువాత అదే ముద్రణకు చెందిన పుస్తకం చేతికి వచ్చింది. ఆ పుటలో ‘థ’ లోపలి చుక్క సిరా చుక్క కాదు. కాగితం మీద తేమకు పుట్టిన గోధుమరంగు మచ్చ. అచ్చయినది ‘పద్యార్ధము’. అంటే వ్యాఖ్యాత శంకించింది పద్యంలోని సగభాగాన్ని, అది కవి రచన అవునా కాదా అని. ఆయన అర్థవిచారం చేయలేదు, పాఠవిచారం చేశాడు. నా రెండు పుటలూ నిరాధారమయ్యాయి.

ఆ మచ్చను పుస్తకంలో చూసినవారెవరూ అక్షరంలో భాగమని భ్రమపడరు. సిరా నలుపు, మచ్చ గోధుమ. కంటికి ఆ రెండింటినీ వేరుచేసి చూపింది రంగు. స్కాన్ ప్రతి ఆ రంగును తీసివేసి రెండింటినీ ఒకే నలుపు చేసింది. నల్లని అక్షరాల పుస్తకానికి రంగు ఎందుకన్న ప్రశ్నకు ఈ చుక్కే సమాధానం. రంగు ఇక్కడ అలంకారం కాదు, సాక్ష్యం. సాక్ష్యాన్ని తొలగించిన విషయం ఆ ప్రతిలో ఎక్కడా చెప్పి లేకపోవడమే ఈ వ్యాసం ఎత్తుకుంటున్న నైతిక సమస్య.

2. స్కానర్ చేసే పని

స్కానర్ పుటను ‘చూడదు’, కొలుస్తుంది. దీపం పుట మీద కాంతిని ప్రసరింపజేస్తుంది. తిరిగివచ్చిన కాంతిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు భాగాలుగా గ్రాహకం కొలుస్తుంది. ఒక్కో భాగానికి 0 నుంచి 255 వరకు 256 మెట్లు ఉంటే, మూడూ కలిసి 1,67,77,216 సంకేతాలు ఏర్పడతాయి. కాంతి తీవ్రతను ఒక్కటే తీసుకుంటే 256 మెట్ల బూడిదరంగు ప్రతి వస్తుంది. ఈ 256 మెట్ల మధ్య ఒక గీత గీసి, గీతకు ఇవతలిదంతా నలుపు, అవతలిదంతా తెలుపు అని తీర్పు చెబితే ద్వివర్ణ ప్రతి వస్తుంది. నన్ను మోసపుచ్చినది ఈ మూడవ రకం.

ద్వివర్ణ ప్రతిని నిందించే ముందు దాని అవసరాన్నీ గుర్తించాలి. అంగుళానికి 600 బిందువుల చొప్పున 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు ఉన్న పుటను తీస్తే 1,94,40,000 బిందువులు వస్తాయి. ద్వివర్ణంలో అది 2.43 మెగాబైట్లు, పూర్తి రంగులో 58.32 మెగాబైట్లు. సంక్షేపించకముందు 300 పుటల పుస్తకానికి ఒకటి సుమారు 0.73 గిగాబైట్లు, మరొకటి సుమారు 17.5 గిగాబైట్లు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. మొదలైన సంస్థలు ఈ శతాబ్దారంభంలో పది లక్షల పుస్తకాల పథకాన్ని చేపట్టినప్పుడు 600 బిందువుల ద్వివర్ణ పద్ధతిని ఎంచుకున్నాయి. నేను పైన చెప్పిన ప్రతి ఆ పథకానికి చెందినది కాదు. ఆ పథకమే లేకపోతే నా తరం పరిశోధకులు ఎన్నో తెలుగు పుస్తకాల ముఖమైనా చూసేవారు కారు. కాబట్టి తక్కువ ఖర్చు పద్ధతిని ఎంచుకోవడం తప్పు కాదు. తప్పు ఎక్కడ మొదలవుతుందో ముందు చూద్దాం.

3. రంగుల ప్రతిలోనూ తప్పని దోషాలు

అన్నిటినీ పూర్తి రంగులో తీస్తే సమస్య తీరుతుందా? తీరదు, రూపం మార్చుకుంటుంది. అన్నంభట్టు తర్కసంగ్రహంలో రూపాన్ని కంటికి మాత్రమే గోచరించే గుణంగా నిర్వచించి, దానిని శుక్ల, నీల, పీత, రక్త, హరిత, కపిశ, చిత్ర భేదాలతో ఏడు విధాలుగా విభజించాడు. కంటికి మాత్రమే గోచరించే గుణాన్ని కన్ను కాని యంత్రం గ్రహించబోతే వచ్చే చిక్కులను మన దార్శనికుల దృష్టాంతాలతోనే వివరించవచ్చు.

మొదటిది పీతశంఖ దృష్టాంతం. కామెర్ల రోగికి తెల్లని శంఖం పచ్చగా కనిపిస్తుంది. అతని దోషం ఒక్క శంఖానికే పరిమితం కాదు. చూసిన ప్రతి వస్తువుకూ వర్తిస్తుంది. స్కానర్ దీపం పాతబడినప్పుడో, గ్రాహకం ఒక రంగు వైపు మొగ్గినప్పుడో కలిగే దోషం ఇటువంటిదే. అయితే శంఖం తెల్లనిదని ముందే ఎరిగిన రోగి తన కంటి దోషాన్ని ఊహించగలడు. అందుకే సాధారణ స్కానర్లలో లోపలి వైపు ఒక తెల్లని పట్టీ ఉంటుంది. యంత్రం దానిని ముందుగా చూసి తన తెలుపును సరిచూసుకుంటుంది. ఆ పట్టీయే మాసిపోతే దోషం ప్రతి పుటలోనూ నిశ్శబ్దంగా చేరుతుంది.

రెండవది స్ఫటిక దృష్టాంతం. మందారపువ్వు పక్కన పెట్టిన స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. స్కానర్‌లో ఒక బిందువుకు చుట్టూ ఉన్న కాగితం నుంచి చెదిరిన కాంతి మళ్ళీ ఆ బిందువు మీద పడుతుంది. అందువల్ల ఒకే బూడిదరంగు తెల్లని అంచు మధ్య ఉన్నప్పుడు కొంచెం లేతగా, నల్లని అంచు మధ్య ఉన్నప్పుడు కొంచెం ముదురుగా నమోదవుతుంది. ఇది వస్తువు గుణం కాదు, సాన్నిధ్యం వల్ల కలిగిన ఉపాధి.

మూడవది చిత్రరూపం. నానావర్ణాల వస్త్రానికి ఒకే ‘చిత్ర’ రూపం ఉందని కొందరు నైయాయికులు అంగీకరించారు. తరువాతివారిలో దానిని నిరాకరించినవారూ ఉన్నారు. 600 బిందువుల ప్రతిలో ఒక్కో బిందువు సుమారు 0.04 మిల్లీమీటరు. అక్షరపు అంచున ఆ బిందువులో సగం సిరా, సగం కాగితం ఉండవచ్చు. యంత్రం ఆ రెండింటికీ కలిపి ఒక్క విలువే ఇస్తుంది. ఆ విలువ సిరాదీ కాదు, కాగితానిదీ కాదు.

వీటన్నిటికన్నా మౌలికమైన దోషం ఇంకొకటి. కంటిలోని మూడు రకాల వర్ణగ్రాహక కణాల స్పందనను సరళ గణితంతో రాబట్టగలిగేటట్లు యంత్రపు మూడు గ్రాహకాలు ఉంటేనే దాని వర్ణజ్ఞానం కంటితో పూర్తిగా ఏకీభవిస్తుంది. 1927లో లూథర్ ప్రతిపాదించిన ఈ నియమాన్ని సామాన్య స్కానర్లు పూర్తిగా పాటించవు. ఫలితంగా కంటికి ఒకటిగా కనిపించే రెండు రంగులు యంత్రానికి వేరుగాను, కంటికి వేరుగా కనిపించే రెండు రంగులు యంత్రానికి ఒకటిగాను తోచవచ్చు. గంటంతో గీసి దీపపు మసి పూసిన తాళపత్రంలో మసి, ఆకు సహజవర్ణం, చమురు మరక, పురుగు తొలిచిన రంధ్రపు నీడ అన్నీ గోధుమ నలుపుల మధ్యనే ఉంటాయి. సరిగ్గా ఈ ఇరుకైన ప్రదేశంలోనే పరిష్కర్తకు భేదం కావాలి.

4. సగటు చెప్పని సంగతి

ఈ దోషాలను కొలిచే పద్ధతి ఉంది. తెలిసిన రంగుల గళ్ళున్న ఫలకాన్ని స్కాన్ చేసి, వచ్చిన విలువలను అసలు విలువలతో పోలుస్తారు. 1976లో అంతర్జాతీయ కాంతి సంఘం నిర్ణయించిన వర్ణావకాశంలో రెండు రంగుల మధ్య దూరాన్ని ‘డెల్టా ఇ’ అంటారు. ఆ దూరం ఒకటి రెండు మాత్రలైతే మామూలు కన్ను భేదాన్ని పట్టుకోవడం కష్టం.

ఈ లెక్కలోనూ జాగ్రత్త కావాలి. 24 గళ్ళ ఫలకంలో 23 గళ్ళకు దోషం 1 చొప్పున, మిగిలిన ఒక్క గడికి 25 ఉంటే సగటు 2 వస్తుంది. నివేదికలో ‘సగటు దోషం 2’ అని చదివినవారు తృప్తి పడతారు. ఆ 25 పడిన గడి గోధుమరంగుదే అయితే తాళపత్రాల విషయంలో ఆ స్కానర్ దాదాపు గుడ్డిది. పైగా ఫలకం తయారైన పదార్థం వేరు, మన ఆకూ మసీ వేరు. ఛాయాచిత్ర కాగితం మీద సరిచేసుకున్న యంత్రం తాళపత్రం మీద కూడా అంతే సరిగా ఉంటుందన్న హామీ లేదు.

ఒక పుటను పదిసార్లు తీసినా అదే విలువ వస్తే యంత్రం నిలకడగలదని తెలుస్తుంది, నిజాయితీగలదని కాదు. లేఖక దోషాల అధ్యయనంలో ఇది మనకు పరిచితమే. ఒక వ్రాయసకాడు ఎప్పుడూ ఒకే అక్షరాన్ని ఒకే విధంగా తప్పు రాస్తే, ఆ అలవాటు తెలిసిన పరిష్కర్త సులభంగా దిద్దుకుంటాడు. తెలియనివాడికి ఆ నిలకడే పాఠంగా కనిపిస్తుంది. దోషం నియతమైనదైతే దిద్దవచ్చు, కాని దిద్దాలంటే అది ప్రకటితం కావాలి.

5. స్వతఃప్రామాణ్యమా, పరతఃప్రామాణ్యమా?

స్కాన్ ప్రతిని మనం ఎందుకు నమ్ముతాం? మీమాంసకుల ప్రకారం జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధం. బాధక జ్ఞానం కలిగేవరకు, లేదా కారణంలో దోషం ఉందని తెలిసేవరకు దానిని నమ్మడమే న్యాయం. నైయాయికుల ప్రకారం ప్రామాణ్యం పరతః గ్రాహ్యం. సఫలప్రవృత్తి వంటి హేతువు వల్ల అనుమానించి తెలుసుకోవలసింది. నీరని తలచినవాడు వెళ్ళి దాహం తీర్చుకుంటే ఆ జ్ఞానం ప్రమ అని తేలుతుంది.

మన నిత్యవ్యవహారం మీమాంసక మార్గంలోనే నడుస్తుంది. ప్రతి పుటనూ శంకిస్తూ కూర్చుంటే పరిశోధన సాగదు. అయితే ఈ మార్గానికి ఒక షరతు ఉంది. బాధక జ్ఞానం కలగడానికి దారి తెరిచి ఉండాలి. తాడును పామనుకున్నవాడు దీపం తెచ్చి చూడగలగాలి. నా విషయంలో ఆ దీపం అదృష్టవశాత్తు దొరికిన పుస్తకం. మూలప్రతి శిథిలమైతే, స్కాన్ అయిందన్న ధైర్యంతో దానిని పారవేస్తే, చూడడానికి వీలులేని గదిలో ఉంచి తాళం వేస్తే, ఇక బాధక జ్ఞానం ఎన్నటికీ రాదు. అప్పుడు స్వతఃప్రామాణ్యం విశ్వాసంగా మాత్రమే మిగులుతుంది. కనుక మూలానికి దారి మూసేవారి మీద, మూసుకుపోతున్న దారి వెంట చివరిగా నడిచేవారి మీద, సాధారణ లేఖకుడికంటే ఎక్కువ భారం పడుతుంది.

నైయాయిక మార్గంలో పోయినా చిక్కు తప్పదు. స్కాన్ ప్రతి విషయంలో సఫలప్రవృత్తి ఏది? పుట చదవగలగడమే అనుకుంటాం. నేను ‘పద్యార్థము’ అని ఏ ఇబ్బందీ లేకుండా చదివాను, వాక్యం అన్వయించింది, అర్థమూ పొసగింది. చదవగలగడం ప్రామాణ్యానికి హేతువు కాజాలదని ఈ ఒక్క ఉదాహరణే నిరూపిస్తుంది. హేతువు పుట లోపల కాక పుట పక్కన ఉండాలి: రంగుల ఫలకం, యంత్రపు వివరం, దోషపు లెక్క.

ఇక్కడ సంశయానికీ విపర్యయానికీ ఉన్న భేదం ఉపకరిస్తుంది. తర్కసంగ్రహం అయథార్థానుభవంలో ఈ రెండింటినీ వేరుగా చెప్పింది. మసకగా ఉన్న బూడిదరంగు ప్రతి సంశయాన్ని కలిగిస్తుంది; చుక్కా, మచ్చా అని పాఠకుడు ఆగుతాడు. నలుపు తెలుపుల ప్రతి విపర్యయాన్ని కలిగిస్తుంది, పాఠకుడు ఆగడు. 2013లో జర్మన్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీజెల్ బయటపెట్టిన సంఘటన దీనికి పరాకాష్ఠ. కొన్ని జిరాక్స్ యంత్రాలు పత్రాలను స్కాన్ చేస్తూ, పరిమాణం తగ్గించడానికి ఒకేలా ఉన్నవనుకున్న గుర్తులను ఒకదాని స్థానంలో మరొకటి వేశాయి. అంకె 6 ఉన్నచోట స్ఫుటమైన 8 వచ్చింది. మసకబారిన 6 అయితే ఎవరైనా సరిచూసుకునేవారు. స్ఫుటమైన 8ని శంకించే కారణం ఎవరికీ కనిపించలేదు. అందుచేత నీతిదృష్టితో చూస్తే మసక ప్రతికంటే తప్పుడు స్పష్టత గల ప్రతి ఎక్కువ దోషయుక్తం.

6. ఒక పూర్వపక్షం

వస్తువుకు ‘అసలు రంగు’ అన్నదే లేనప్పుడు దోషం దేనినుంచి కొలుస్తారని ఎవరైనా అడగవచ్చు. ఆముదపు దీపం కింద ఆకు రంగు వేరు, పగటి వెలుగులో వేరు. నూరేళ్ళ కిందటి ఆకు రంగు వేరు, నేటిది వేరు. ప్రపంచమంతా వాడే 1931 నాటి ‘ప్రామాణిక ద్రష్ట’ సైతం రైట్ పరిశీలించిన పదిమంది, గిల్డ్ పరిశీలించిన ఏడుగురు, మొత్తం 17 మంది కళ్ళ నుంచి ఇంగ్లండులో రాబట్టిన సగటు. వారిలో ఎవరి కన్నూ సరిగ్గా ఆ సగటు కన్ను కాదు.

ఈ ఆక్షేపం బలమైనదే, కాని అది బాధ్యతను రద్దు చేయదు; ఇంకా స్పష్టం చేస్తుంది. రంగు యథార్థత అనేది పరమసత్యంతో పోలిక కాకుండా ప్రకటిత ప్రమాణంతో పోలిక అయినప్పుడు, ఆ ప్రమాణాన్ని ప్రకటించకపోతే పోలికకే అర్థం లేదు. కుంచం ఎవరు నిర్ణయించినా ధాన్యం కొలిచేవాడు ఏ కుంచంతో కొలిచాడో చెప్పాలి. మూలప్రతి రంగు కాలంతో మారుతుందన్నదీ అంతే. ఆ కారణం చేత స్కాన్ ప్రతి ఫలానా తేదీన, ఫలానా దీపం కింద ఇచ్చిన వాంగ్మూలం అవుతుంది. తేదీ, దీపం చెప్పని వాంగ్మూలాన్ని ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు.

దుండిగల్ ప్రాంతంలో ఉంటున్నవారికి వైమానిక దళ అకాడమీ శిక్షణ విమానాలు నిత్యదృశ్యం. విమానంలోని అయస్కాంత దిక్సూచి ఆ విమానపు లోహం, విద్యుత్తుల వల్ల కొద్దిగా తప్పు చూపుతుంది. ఆ తప్పును పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. అందుచేత ఏ దిక్కున ఎన్ని డిగ్రీలు సవరించుకోవాలో తెలిపే చిన్న పట్టికను దిక్సూచి దగ్గరే అమర్చడం వైమానిక నియమం. పట్టిక ఉన్నందుకు ఆ దిక్సూచిని ఎవరూ తక్కువచేయరు. పట్టిక లేని దిక్సూచితో ప్రయాణానికి ఒప్పుకోరు. మన స్కాన్ ప్రతులు ఎక్కువభాగం పట్టిక లేని దిక్సూచులు.

7. పుష్పిక

మన వ్రాతప్రతుల చివర లేఖకుడు చేసే విన్నపం పరిశోధకులందరికీ పరిచితమే. తన ముందున్న ప్రతి ఎలా ఉంటే అలా రాశాననీ, తప్పులుంటే తనను నిందించవద్దనీ, ఎంతో శ్రమపడి రాసిన దీనిని జాగ్రత్తగా కాపాడమనీ అతడు వేడుకుంటాడు. ఈ విన్నపంలో రెండు పాయలున్నాయి. తప్పులుండవచ్చునని ఒప్పుకోవడం ఒకటి. బాధ్యతను మూలం మీదికి నెట్టడం మరొకటి. రెండవదానిని మనం అంగీకరించకపోవచ్చు. మొదటిదాని విలువ మాత్రం చాలా గొప్పది. ఆ ఒక్క మాటతో లేఖకుడు తరువాతి పరిష్కర్తకు దారి తెరిచి ఉంచాడు. సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించగలిగాడంటే, ఏ ఒక్క ప్రతీ తానే మూలమని చెప్పుకోని సంప్రదాయం ఆ పనికి అనుకూలించింది.

స్కాన్ ప్రతికి పుష్పిక లేదు. అది లేఖకుడి రాతలాగా కనిపించదు, మూలం లాగానే కనిపిస్తుంది. లేఖకుడి చేతిరాత తాను ప్రతినని ప్రతి అక్షరంలోనూ చెబుతూ ఉంటుంది. ఛాయారూపం ఆ మాట చెప్పదు. పోలిక ఎంత ఎక్కువైతే ప్రకటన అంత అవసరం. చేర్యాల నకాషీ పటాల వంటి వాటిలో ఈ అవసరం మరీ స్పష్టం. అక్కడ పటమే కథకు ఆధారం. ఎర్రని నేల మీద పాత్రల మేనిరంగు దేవతలను, రాక్షసులను, మనుషులను వేరుచేసే సంకేతం. ఆ పటపు ప్రతిలో రంగు మారితే బొమ్మతోపాటు పాఠమూ మారినట్టే.

ఈ పుష్పికకు పెద్ద ఖర్చు అక్కరలేదు. గ్రంథానికి ఒక్క పుటనైనా రంగుల ఫలకంతో కలిపి పూర్తి రంగులో తీయవచ్చు. యంత్రం, దీపం, తేదీ, బిందుసాంద్రత, ప్రతి రంగులదా ద్వివర్ణమా అన్న వివరాలు నాలుగు పంక్తుల్లో చేర్చవచ్చు. దోషపు సగటుతోపాటు గరిష్ఠాన్నీ చెప్పవచ్చు. ఏమీ కొలవకపోతే ‘రంగు సరిచూడలేదు’ అన్న ఒక్క వాక్యం రాయవచ్చు. ద్వివర్ణ పద్ధతిని ఎంచుకోవడం తప్పు కాదని రెండవ భాగంలో అన్నాను. ఎంచుకున్న సంగతిని చెప్పకపోవడంతో తప్పు మొదలవుతుంది. పేదరికం వల్ల కలిగిన దోషం క్షమార్హం. మౌనానికి ఆ మినహాయింపు వర్తించదు, ఎందుకంటే నాలుగు పంక్తులు రాయడానికి ధనం అవసరం లేదు.

8. ముగింపు

ప్రతిని తయారుచేసేవారి బాధ్యతను ఇంతవరకు చెప్పాను. చదివేవారి బాధ్యత అంతకు తక్కువది కాదు. నన్ను మోసగించిన ప్రతిలో వివరాలు లేవన్నది నిజం. అది ద్వివర్ణ ప్రతి అని నా కంటికి కనిపిస్తూనే ఉందన్నదీ నిజం. కారణదోషం తెలిసిన తరువాత స్వతఃప్రామాణ్యం నిలవదని మీమాంసకులే చెప్పారు. దోషం ఎదురుగా ఉండగా నేను శంకించకపోవడానికి కారణం యంత్రం కాదు. ఆ పాఠం నా వాదానికి అనుకూలంగా ఉండడం. పీతశంఖాన్ని చూసిన రోగికి తన రోగం తెలియదు. నాకు తెలిసే అవకాశం ఉంది.

స్కాన్ ప్రతిని వాడినప్పుడు స్కాన్ ప్రతి అనే పేర్కొనాలి, మూలాన్ని చూసినట్టు ఉదాహరించరాదు. వాదం ఒక చుక్క మీదో, ఒక ఒత్తు మీదో, ఒక అరసున్న మీదో ఆధారపడితే మూలప్రతిని చూడాలి. చూడలేకపోతే ఆ సంగతిని వాదంతోపాటే చెప్పాలి. నా అధ్యాయంలో ఆ రెండు పుటలను తొలగించి, వాటి స్థానంలో వ్యాఖ్యాత పాఠవిచారం మీద ఒక పుట రాశాను. తొలగించిన వాదం ఏదో, ఎందుకు తొలగిందో అక్కడే నాలుగు పంక్తులలో చేర్చాను.